పధ్నాలుగు పేజీల సెలవు

ఆ శుక్రవారం పొద్దున్న ఆఫీసుకి బయల్దేరినప్పుడు సెలవుల మేడం మనసులో ఉన్న పని ఒక్కటే. రసాయనశాస్త్ర విభాగం వాళ్ళ సెలవుల లెక్క మధ్యాహ్న భోజనానికి ముందే తేల్చెయ్యాలి. విశ్వవిద్యాలయం మానవ వనరుల విభాగంలో, మెట్ల కింద గదిలో, రెండు బీరువాల మధ్య ఇరుక్కున్న బల్ల ఆవిడది. ఎవరు ఎన్నాళ్ళు సెలవు పెట్టారో, ఎవరికి ఎన్ని మిగిలాయో, ఎవరు జ్వరమని చెప్పి చుట్టాలింటికి వెళ్ళారో ఆవిడకి తెలియనిది లేదు. ఇరవై ఆరేళ్ళుగా అందరి సెలవులూ చూస్తూ ఉండడం వల్ల అసలు పేరు మరుగున పడి సెలవుల మేడం అన్నదే స్థిరపడిపోయింది. తన కోసం ఆవిడ సెలవు పెట్టి పదకొండేళ్ళయింది. అదీ పన్ను పీకించుకోవడానికి, అదీ సగం రోజు.

మానవ వనరుల విభాగానికి కొత్త డైరెక్టరు వచ్చి ఆరు నెలలైంది. మంచివాడు. మంచి చెయ్యాలన్న తొందర ఎక్కువ ఉన్నవాడు కూడా, చిక్కంతా అక్కడే. నెలనెలా ఆయన ఉద్యోగులందరికీ ఒక లేఖ పంపేవారు. ఆ నెల లేఖలో రెండు శుభవార్తలున్నాయి. మొదటిది నియామకాల గురించి. ఇదివరకు ఒక పోస్టు ఖాళీ అయితే నింపడానికి ఏడాది పట్టేది. ఇకమీదట ఖాళీ అయిన మర్నాడే ప్రకటన, అదే వారంలో ఇంటర్వ్యూ. రెండోది ఉద్యోగుల క్షేమం గురించి. ప్రతి ఒక్కరూ నెలాఖరులోగా మూడు రోజులు విశ్రాంతి సెలవు తీసుకుని తీరాలి. ఆ మూడు రోజులూ ఆఫీసు నుంచి వాళ్ళకి ఎవరూ ఫోను చెయ్యకూడదు. వాళ్ళు చేస్తే ఎత్తకూడదు. ఎదురుపడినా ఆఫీసు ఊసు తేకూడదు. మీరిన సెక్షనుకి మార్కులు కోస్తారు.

రసాయనశాస్త్రం సగంలో ఉండగా డైరెక్టరుగారు స్వయంగా మెట్ల కిందికి వంగి వచ్చారు.

"అమ్మా, యూనివర్సిటీ మొత్తంలో విశ్రాంతి తీసుకోనిది మీరొక్కరే. మీరు కూడా తీసుకుంటే నూటికి నూరు అయిపోతుంది."

"నేను వెళ్తే ఇదంతా ఎవరు చూస్తారు సార్?"

"మూడు రోజులకి కొంపేం మునగదమ్మా. సోమవారం నుంచి రాకండి." ఆయన నవ్వి వెళ్ళిపోయారు.

ఆ మాట ఆవిడకి గుచ్చుకుంది. కొంప మునగదని తెలిస్తే ఇరవై ఆరేళ్ళు ఇలా కూర్చుని ఉండేది కాదు. సరే, వెళ్ళేదేదో పద్ధతిగా వెళ్దామనుకుంది. రసాయనశాస్త్రాన్ని పక్కన పెట్టి ఛార్జి అప్పగింత జాబితా రాయడం మొదలుపెట్టింది. ఏ బీరువాలో ఏ ఫైలు, ఏ తాళం ఎటు తిప్పితే పడుతుంది, ప్రసూతి సెలవు అడిగేవాళ్ళని ముందు కుర్చీలో కూర్చోబెట్టాలి, లైబ్రరీ వాళ్ళ సంతకాలు రెండుసార్లు సరిచూడాలి, తల్లి పోయి సెలవు పెట్టినవాళ్ళని కాగితాల కోసం రెండోసారి తిప్పకూడదు, ఇలా సాయంత్రానికి పధ్నాలుగు పేజీలైంది. తాళాల గుత్తి కవరులో పెట్టి అతికించింది. తన బల్ల మీద ఇంకెవరైనా కూర్చోవాల్సి వస్తే అడ్డం కాకూడదని కప్పు, స్వెట్టరు, చిన్న కుండీలో ఉన్న మొక్క సంచిలో సర్దుకుంది. చివర్న సెలవు చీటీ రాసి, నియమం ప్రకారం సెలవు చీటీల ట్రేలో వేసింది. ఆ ట్రే చూడాల్సిన మనిషి తనేనన్న సంగతి ఆవిడకి తట్టలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ విశ్వవిద్యాలయంలో సెలవు మీద వెళ్ళేవాళ్ళు ఛార్జి జాబితా ఇచ్చిన దాఖలా లేదు. పక్క కుర్చీవాడికి "కాస్త చూస్తూ ఉండు" అని చెప్పి వెళ్ళిపోతారు. జాబితా ఇచ్చేది రిటైరయ్యేవాళ్ళు, మానేసేవాళ్ళు. అందుకే సోమవారం పొద్దున్న కాగితాల కట్ట, తాళాల కవరు కనబడగానే అటెండరు వాటిని తిన్నగా నియామకాల ఆఫీసరు బల్ల మీద పెట్టాడు. కొత్త పద్ధతి వచ్చాక ఒక్క ఖాళీ కూడా రాక చేతులు దురదపెడుతున్న ఆ ఆఫీసరు కట్ట చూసి లేచి నిలబడ్డాడు. పదిన్నరకి డైరెక్టరు గదిలో ఉన్నాడు.

"సార్, సెలవుల మేడం మానేశారు."

"నేను విశ్రాంతి తీసుకోమన్నాను కదయ్యా. దానికే వెళ్ళి ఉంటారు."

"మొక్క కూడా పట్టుకుపోయారు సార్. మూడు రోజుల సెలవుకి ఎవరైనా మొక్క పట్టుకెళ్తారా?"

డైరెక్టరుగారి మొహం మారింది. "మొక్క కూడానా? సెలవు చీటీ ఏమైనా ఉందేమో చూశారా?"

"నా దగ్గరికి రాలేదు సార్. సెలవు చీటీలు ఆవిడ దగ్గరికి కదా వెళ్ళేది."

"మరి రాజీనామా లేఖ?"

ఆఫీసరు కట్టని అరచేతిలో పెట్టి బరువు చూశాడు. "పధ్నాలుగు పేజీలుంది సార్. ఇందులో ఎక్కడో ఉండే ఉంటుంది."

"ఆవిణ్ణే ఒకసారి అడిగితే పోలా?"

"మానేసిన మనిషిని ఎందుకు మానేశావని అడిగితే బాధపడరా సార్? మానెయ్యలేదే అనుకోండి, విశ్రాంతిలో ఉన్నట్టు లెక్క. అప్పుడు ఫోనే చెయ్యకూడదు."

రెండు వైపులా దారి మూసుకుపోయింది. డైరెక్టరుగారు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. కొంప మునగదని తను అన్న మాట ఆయనకి గుర్తొచ్చి నిజంగా బాధపడ్డారు. ఎంత నొచ్చుకోకపోతే అంత పాత మనిషి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుందనుకున్నారు. ఆవిడ లెక్కలోంచి పోవడంతో విశ్రాంతి నూటికి నూరు శాతం అయిందని ఆఫీసరు చెప్పినా ఆయనకి సంతోషం కలగలేదు. అయినా పద్ధతి పద్ధతే. మర్నాడు పొద్దున్నే ప్రకటన వెలువడింది. ఉద్యోగంలో ఏం చెయ్యాలో అభ్యర్థులకి ముందే పూర్తిగా తెలియాలన్నది కొత్త నియమం కనుక ఆ పధ్నాలుగు పేజీలనీ ఎవరూ చదవకుండానే స్కాన్ చేసి ప్రకటనకి తగిలించారు.

ఇంట్లో సెలవుల మేడం రెండు రోజుల్లోనే విశ్రాంతితో అలిసిపోయింది. సోమవారం వంటింట్లో డబ్బాలన్నీ దించి, తుడిచి, మళ్ళీ పేర్చింది. మంగళవారం అత్తగారి మాత్రలకి పట్టిక రాసి గోడకి అంటించింది.

"అమ్మాయ్, ఈ విశ్రాంతి నీకిచ్చారా, నాకు శిక్ష వేశారా?" అంది అత్తగారు కళ్ళజోడు సర్దుకుంటూ. "నా మాత్రలు నేను ఇరవై ఏళ్ళుగా మింగుతున్నాను. పట్టిక చూశాక ఏది మింగానో మర్చిపోయాను."

బుధవారం సాయంత్రం తలుపు తట్టిన చప్పుడైంది. అటెండరు. చేతిలో రంగుకాగితం చుట్టిన పెద్ద పెట్టె.

"ఏంటిది?" అంది ఆవిడ.

"మాట్లాడకూడదమ్మా. రూలు."

"ఎవరు పంపారు?"

"అందరూ."

"ఎందుకు పంపారు?"

అటెండరు పెట్టె గుమ్మంలో దించాడు. అతని కళ్ళు చెమర్చాయి. "ఆరోగ్యం జాగ్రత్తమ్మా," అని మాత్రం అని, అది ఆఫీసు ఊసు కిందికి వస్తుందేమోనని భయపడి గబగబా మెట్లు దిగిపోయాడు. పెట్టె విప్పితే గోడ గడియారం. కింద ఇత్తడి రేకు మీద చెక్కించారు: మీ సుదీర్ఘ సేవలకు కృతజ్ఞతలతో, మీ సహోద్యోగులు.

ఆవిడ భర్త, బడి బస్సు నడిపే మనిషి, అప్పుడే ఇంటికొచ్చి ఆ రేకు చదివాడు. ఫోనులో యూనివర్సిటీ పేజీ తెరిచాడు. కాసేపు అటూ ఇటూ జరిపి, ఫోను ఆవిడ ముందు పెట్టాడు. సెలవుల విభాగంలో గుమాస్తా పోస్టు ఒకటి ఖాళీ. ఇంటర్వ్యూలు గురువారం. కిందనే జతపరచిన పత్రం.

"ఇది నువ్వు రాసిందే కదూ?"

"నేను రాసిందే," అంది ఆవిడ. "అది చదివి కూడా ఇలా చేశారంటే ఇంకేం చెప్పాలండీ?"

ఆవిడ వెంటనే ఆఫీసుకి ఫోను చేసింది. టెలిఫోను ఆపరేటరు ఎత్తి, గొంతు గుర్తుపట్టి గుసగుసగా అంది, "మేడం, మీరు మానేశారన్నారు గానీ మా జాబితాలో ఇవాళ రాత్రిదాకా విశ్రాంతిలోనే ఉన్నారు. ఎత్తితే మా సెక్షనుకి మార్కులు పోతాయి. నేను ఎత్తలేదనుకోండి." పెట్టేసింది.

సెలవుల మేడం కుర్చీలో కూలబడింది. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్ళుంది. ఆ నాలుగేళ్ళ మాట అటుంచితే, పొద్దున్న లేచి ఆ మెట్ల కింద గదికి వెళ్ళకపోతే తనకి కాళ్ళెటు నడుస్తాయో ఆవిడకి తెలియదు. మూడు వేలమంది సుఖదుఃఖాలు కనిపెట్టుకుని కూర్చున్న మనిషిని మూడు రోజుల్లో మర్చిపోయారు. ఏడుపు రాలేదు గానీ, వస్తే బాగుండుననిపించింది.

అత్తగారు గడియారాన్ని తిప్పి చూసి బల్ల మీద బోర్లించింది. "ఖాళీ అన్నారు, అప్లికేషన్లు పెట్టుకోమన్నారు. నువ్వూ పెట్టు. వద్దనడానికి వాళ్ళెవరు?"

"నా ఉద్యోగానికి నేను అప్లికేషన్ పెట్టడమేంటి అత్తయ్యా?"

"నీ ఉద్యోగం నీకంటే బాగా చేసేవాళ్ళెవరో నేనూ చూస్తాను," అంది అత్తగారు. కోడలి గురించి ఆవిడ అంత మంచిమాట అనడం పెళ్ళయిన ఈ ముప్పై ఏళ్ళలో అదే మొదలు. భర్త ఫారం నింపడం మొదలుపెట్టాడు. అనుభవం దగ్గర ఇరవై ఆరేళ్ళు అని రాశాడు. పాత ఉద్యోగం మానడానికి కారణం అన్న గడి ఖాళీగా వదిలితే ఫారం ముందుకి కదల్లేదు. ఆవిడ చెయ్యి చాపి తనే కొట్టింది: మానలేదు. కంప్యూటరుకి ఆ జవాబులో తప్పేమీ కనబడలేదు. ముప్పై ఏడో నంబరు వచ్చింది.

గురువారం పొద్దున్న తొమ్మిదిన్నరకి ఆవిడ యూనివర్సిటీ మెట్లెక్కింది. రోజూ కార్డు ఆనించగానే తెరుచుకునే తలుపు ఎర్రదీపం వెలిగించి ఊరుకుంది. అభ్యర్థుల తలుపు దగ్గర అటెండరు కాగితం పట్టుకుని నిలబడ్డాడు. ఆవిణ్ణి చూసి తెల్లబోయాడు.

"ఇప్పుడైనా మాట్లాడతావా?" అంది ఆవిడ.

అతను ఆవిడ చేతిలోని నంబరు చూశాడు. "ముప్పై ఏడా? అభ్యర్థులతో అసలే మాట్లాడకూడదమ్మా," అని కుర్చీ మాత్రం తుడిచి చూపించాడు.

ఇంటర్వ్యూలోనూ ఒక సంస్కరణ ఉంది. పేరు, వయసు, మొహం చూసి ఎవరి మీదా ముందే ఒక అభిప్రాయం ఏర్పడకూడదని గది మధ్యలో తెర కట్టారు. తెరకి ఇవతల అభ్యర్థి, అవతల డైరెక్టరుగారు, నియామకాల ఆఫీసరు. ముప్పై ఏడో నంబరుని పిలిచేసరికి పన్నెండు దాటింది. సెలవుల మేడం వెళ్ళి తెరకి ఎదురుగా కూర్చుంది.

"ఈ ఉద్యోగం గురించి మీకేం తెలుసు?" అన్నారు డైరెక్టరుగారు.

"అన్నీ తెలుసు సార్."

"ఒత్తిడి తట్టుకోగలరా? ఇదివరకు ఈ సీట్లో ఉన్నావిడ తట్టుకోలేక మానేశారు. చాలా మంచి మనిషి."

ఆవిడ తెర వైపు వంగింది. "ఆవిడ మానేశారని మీకెవరు చెప్పారు సార్?"

"ప్రశ్నలు మేము అడగాలమ్మా," అన్నారు ఆయన మెత్తగానే. ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందని ఆఫీసరుకి అనిపించింది. కానీ అలా అనిపించిన వాటిని లెక్కలోకి తీసుకోకూడదన్నదే కొత్త పద్ధతి. అతను నిజాయితీగా ఆ ఆలోచనని తోసేసి, వినయం అన్న గడిలో రెండు మార్కులు తగ్గించాడు.

ఆవిడ బయటికొచ్చి తలుపు పక్క బెంచీ మీద కూర్చుంది. ఇంటికి వెళ్ళిపోవాలనుకుంటూనే సంచి ఒళ్ళో పెట్టుకుంది. ఆఖరిదైన ముప్పై ఎనిమిదో నంబరు ఒక అమ్మాయి. పార్సిళ్ళు చేరవేసే కంపెనీలో రెండేళ్ళు ఫిర్యాదులు విన్న మనిషినని బెంచీ మీద వాళ్ళకి చెబుతుంటే వినబడింది. చేతిలో కాగితాల కట్ట, మధ్యమధ్య పసుపుపచ్చ చీటీలు అంటించి ఉన్నాయి. ఆమె లోపలికి వెళ్ళింది. తలుపు సరిగా పడలేదు. మాటలన్నీ బెంచీ దాకా వస్తున్నాయి.

"సార్, మీరు అడిగేముందు నాదొక సందేహం," అంది ఆ అమ్మాయి. "ఈ పోస్టు ఎప్పుడు ఖాళీ అయింది?"

"సోమవారం. పాతావిడ వెళ్ళిపోయారు," అన్నాడు ఆఫీసరు.

"మీరు తగిలించిన పత్రం నేను మొత్తం చదివాను సార్. మొదటి పేజీ మొదటి వాక్యం చదవమంటారా?" ఎవరూ వద్దనకపోవడంతో చదివింది. "డైరెక్టరుగారి సలహా మేరకు మూడు రోజుల విశ్రాంతి సెలవుపై వెళ్తున్నాను. గురువారం ఉదయం పది గంటలకి తిరిగి విధుల్లో చేరతాను. ఈలోగా చూడవలసిన పనులు ఈ కింద రాస్తున్నాను."

లోపల కాగితాలు గబగబా తిప్పిన చప్పుడు వినబడింది.

"ఇవాళ గురువారం సార్," అంది ఆ అమ్మాయి సాయం చేస్తున్నట్టు.

"అది చదివాక కూడా మీరెందుకు వచ్చారమ్మా మరి?" డైరెక్టరుగారి గొంతు నీరసంగా ఉంది.

"ఇది ముగ్గురు చెయ్యాల్సిన పని సార్. ఒక్కావిడ చేస్తున్నారు. పేజీ తొమ్మిదిలో చూడండి, చావు కబురుతో వచ్చేవాళ్ళ కాగితాలు వాళ్ళని కూర్చోబెట్టి తనే నింపుతారట. ఇంత చేసే మనిషి పక్కన ఇంకో మనిషి ఉండాలి కదా. నేను ఆవిడ ఉద్యోగానికి రాలేదు. పక్క కుర్చీకి వచ్చాను."

బెంచీ మీద సెలవుల మేడం కొంగుతో మొహం కప్పుకుంది. నిన్న సాయంత్రం నుంచి రానని మొరాయించిన ఏడుపు అప్పుడొచ్చింది. ఉద్యోగం నిలబడినందుకు కాదు. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ ఎన్ని నోట్లు, ఎన్ని జాబితాలు రాసిందో లెక్కలేదు. రాసినదాన్ని చివరి పేజీ దాకా చదివిన మనిషి ఇన్నాళ్ళకి ఒకరు కనబడ్డారు. అటెండరు రూలు సంగతి మర్చిపోయి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు.

తెర పక్కకి జరిగిన చప్పుడైంది. డైరెక్టరుగారు తలుపు దాకా వచ్చి, బెంచీ మీద ఎవరున్నారో చూసి ఆగిపోయారు. ఆయన వెనక ఆఫీసరు పధ్నాలుగు పేజీలనీ గుండెకి హత్తుకుని నిలబడ్డాడు.

"ముప్పై ఏడు మీరేనా అమ్మా?" అన్నారు డైరెక్టరుగారు.

"అవును సార్. నా సెలవు నిన్నటితో అయిపోయింది. పదింటికే చేరాల్సింది. మీరు బయట కూర్చోబెట్టారు."

ఆయన తల వంచుకున్నారు. "తప్పు నాదే. మొదటి వాక్యం కూడా చదవలేదు. మీ మనసు కష్టపెట్టాననుకుని మూడు రోజులు నేనే బాధపడుతూ కూర్చున్నాను. అంతకన్నా కాగితం చదవడం తేలిక."

"ఇంటర్వ్యూలో నాకెన్ని మార్కులు వచ్చాయి సార్?"

ఆఫీసరు మార్కుల కాగితం తీశాడు. "రెండో స్థానం వచ్చింది మేడం. వినయం దగ్గర కాస్త తగ్గాయి."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూసి డైరెక్టరుగారు, అటెండరు, చివరికి ఆఫీసరు కూడా నవ్వారు. ప్రకటించిన పోస్టు ఎలాగూ మంజూరైంది కనుక దాన్ని రద్దు చెయ్యకుండా అదే సెక్షనులో అదనపు పోస్టుగా రాయించారు డైరెక్టరుగారు. మొదటి స్థానం వచ్చిన ముప్పై ఎనిమిదో నంబరుని అందులో వేశారు. సాయంత్రానికి మెట్ల కింద గదిలో ఒక బీరువా బయటికి జరిగింది. దాని చోట్లో రెండో బల్ల పడింది.

మొదటివారం అమ్మాయి పని నేర్చుకుంది. రెండోవారం పనిలో తప్పులు పట్టడం మొదలుపెట్టింది. మూడోవారం ఒక మధ్యాహ్నం ఫైలు మూసి, "మేడం, మీకు రెండు వందల ముప్పై రోజుల సెలవు మిగిలింది. ఏం చేసుకుంటారు?" అంది.

"ఏం చెయ్యమంటావ్?"

"ఒక వారం వాడండి. పరవాలేదు, నేనున్నాను."

ఆ మాట ఇన్నేళ్ళలో ఆవిడతో ఆఫీసులో ఎవరూ అనలేదు. అలవాటుకొద్దీ తెల్లకాగితాల దస్తా ముందుకి లాక్కుంది. అమ్మాయి చెయ్యి చాపి దస్తా వెనక్కి తీసేసుకుంది. సెలవుల మేడం కాసేపు ఆ ఖాళీ బల్ల వంక చూసి, లేచి సంచి భుజాన వేసుకుని, "కాస్త చూస్తూ ఉండు," అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆవిడ వారం రోజులు ఆఫీసులో లేదన్న సంగతి డైరెక్టరుగారికి ఆవిడ తిరిగొచ్చిన మర్నాడు తెలిసింది.